ఒక్క పూట ఉమ్మడి కుటుంబం

వానకు ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళున్నారు, నిప్పుకు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. నిలబడి ఉన్న ఇంటిని నోటితో పోగొట్టుకోబోయినవాణ్ణి మాత్రం గద్వాల మొత్తానికి నేనొక్కణ్ణే. అది కూడా ఎవరో బలవంతం చేస్తే కాదు. పొద్దున్నే తలంటుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నాకు నేనుగా చేసుకున్న ఘనకార్యం.

అప్పటికి నాకు యాభై రెండేళ్ళు. సెల్‌ఫోన్‌ను చొక్కా జేబులోంచి సగం బయటికి కనిపించేలా పెట్టుకుని తిరిగే రోజులవి. ఆ ఫోను మోగింది తక్కువ, నేను మోగింది ఎక్కువ. వనపర్తి కోర్టులో ఎవరిదో పొలం తగాదాకు సాక్షిగా పోయి వచ్చినప్పటి నుంచి, చట్టమంతా నాకు కొట్టిన పిండి అని వీధిలో చెప్పుకునేవాణ్ణి. నిజానికి ఆ రోజు సాక్ష్యమే నడవలేదు, వాయిదా పడింది. మిర్చీ బజ్జీలు తిని బస్సెక్కి వచ్చాను. చట్టం గురించి నాకు తెలిసిందంతా ఆ బజ్జీల పొట్లం మీద చదివిందే.

మా ఇల్లు కోట వెనక వీధిలో, మా తాత కట్టిన మట్టి మిద్దె. నలభై గదులని రాయాలని చెయ్యి లాగుతోంది కానీ, ఉన్నవి ఏడు. రెండిట్లో నేనూ మా ఆవిడ అనసూయా ఉండేవాళ్ళం. మిగతా ఐదూ కిరాయికి. ముందు వైపు రెండు గదుల్లో నర్సింహులు, పద్మమ్మ. నర్సింహులు చీరలు నేస్తాడు. పక్క రెండు గదుల్లో ఖాజా, అతని తల్లి. ఖాజా ధరూర్‌కు ఆటో నడుపుతాడు. వెనక గదిలో శేఖర్ సారు. ఊరు పెద్దమందడి, ఉద్యోగం ఇక్కడి బడిలో, పెళ్ళి ఇంకా కాలేదు.

మా దగ్గర ఒక పద్ధతుంది. ఇల్లు కిరాయికి తీసుకున్న మర్నాటికల్లా ఓనరుకు ఒక వరుస కుదిరిపోతుంది. నర్సింహులు నన్ను అన్నా అనేవాడు, శేఖర్ సారు మామా అనేవాడు, ఖాజా భాయ్ అనేవాడు. పిలుపులో చుట్టరికం ఉంటే, మిద్దె కురుస్తున్న సంగతి అడగడానికి వాళ్ళకు కొంచెం మొహమాటంగా ఉంటుందని నాకు లోలోపల సంతోషం. ఆ సంతోషమే కొంప ముంచింది.

ఆ ఏడు వారం రోజులు ముసురు పట్టింది. పక్క వీధిలో కిరాయికిచ్చిన ఒక పాత ఇంటి గోడ పట్టపగలే కూలింది. మనుషులంతా తప్పించుకున్నారు, ఒక సైకిలు మాత్రం పోయింది. మున్సిపాలిటీవాళ్ళు ఇక పాత కిరాయి ఇండ్లన్నీ తనిఖీ చేయడం మొదలుపెట్టారు. ప్రమాదం అనిపిస్తే మనుషులను బయటికి పంపి, తలుపుకు తాళం వేసి లక్క ముద్ర కొడుతున్నారని చాయ్ హోటల్లో విన్నాను. అప్పటికే రెండు ఇండ్లకు తాళం పడిందట.

నేను ఇంటికి వచ్చేసరికి నర్సింహులు మా గడపలో నిలబడి ఉన్నాడు. అతనిది గుంట మగ్గం. అంటే మంచంలాగా ఎత్తి పక్కింట్లో వేసుకునేది కాదు. నేలలో గుంట తవ్వి, అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేస్తారు. దాని మీద ఒక పెళ్ళి చీర సగంలో ఉంది.

"అన్నా, పన్నెండు దినాలల్ల చీర దించియ్యాలె," అన్నాడు. "ఇంటికి తాళమేస్తే పడుగు కోసుకోని పోవుడే. నెల కష్టం బూడిదైతది. మాట తప్పినోనికి సేటు మల్ల నూలియ్యడు."

నర్సింహులు ఒకేసారి ఇన్ని మాటలు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. మగ్గం చప్పుడే అతని మాట. నాకు నిజంగానే జాలి వేసింది. జాలి వేసినప్పుడు మంచివాళ్ళు మౌనంగా సాయం చేస్తారు. నేను మీసం సవరించుకుని, "నేనుండంగ నీ మగ్గం ఆగదు. పో, నేసుకో," అన్నాను. ఎలా ఆగదో నాకూ తెలియదు.

అన్నం తింటుంటే తెలిసింది. తనిఖీ కిరాయి ఇండ్లకే కదా. మరి మా ఇంట్లో కిరాయిదార్లే లేకపోతే? అందరూ నా చుట్టాలే అయితే? అన్న, మామ, భాయ్ అన్న పిలుపులు ఎటూ తయారుగానే ఉన్నాయి. ముద్ద నోట్లో పెట్టుకోవడం కూడా మరిచి అనసూయకు చెప్పాను. ఆమె చారు వడ్డించడం ఆపి నా మొహం చూసింది.

"శేఖర్ సారు ఏమైతడు?"

"మామా అంటడు గద. అల్లుడు."

"మనకు ఇద్దరు కొడుకులే గదయ్యా. బిడ్డ యాడుంది?"

"గది రేపటికల్ల ఆలోచిస్త."

"ఖాజా?"

"దత్తపుత్రుడని చెప్త."

"ఖాజా నీకంటె మూడేండ్లే చిన్న. నువ్వు లాగు తొడుక్కోకముందే దత్తత తీసుకుంటివా?"

సరే, మా నాయన పెంచాడని మార్చాను. ఆ సాయంత్రం అందరినీ వాకిట్లో కూర్చోబెట్టి పాఠం చెప్పాను. ఖాజా తల్లిని మేమంతా ఖాలా అంటాం, ఆమె ఒక్కతే లేదు. ఎర్రవల్లి దగ్గర చెల్లెలింటికి పోయింది. చివర్లో నా కోర్టు తెలివంతా కలిపి ఒక హెచ్చరిక చేశాను.

"ఎవలేమన్నా మాట మార్చొద్దు. ఆ సారు నన్ను బెదిరిచ్చి నా నోటితోనే వేరే మాట అనిపిస్తడేమో. నేను చెప్పినా సరే, మార్చొద్దు."

శేఖర్ సారు ఆ వాక్యాన్ని నోట్‌బుక్కులో రాసుకున్నాడు. మాస్టారు కదా.

మర్నాడు పది గంటలకు పన్నెండు మంది అధికారులు జీపుల్లో దిగారు. సరే, ఇద్దరు. నడుచుకుంటూ వచ్చారు. ఒకాయన ముప్పై ఏళ్ళ కుర్ర సారు, నాగర్‌కర్నూల్ వైపువాడు, చేతిలో గొడుగు, చంకలో పుస్తకం. రెండోవాడు ఆయన మనిషి, భుజాన గడ్డపార. సారు నెమ్మదస్తుడు. అరిచేవాళ్ళను నేను లెక్కచేయను కానీ, నెమ్మదిగా రాసుకునేవాళ్ళను చూస్తే నాకు చెమట పడుతుంది.

"కిరాయికి ఎన్ని పోర్షన్లు ఇచ్చినవ్ పెద్దాయనా?" అన్నాడు.

"కిరాయా? మా వంశంల ఆ మాటే లేదు సార్. అంతా ఒకటే కుటుంబం."

తమ్ముణ్ణి చూపించాను. నర్సింహులు మగ్గం మీద నుంచే దండం పెట్టాడు. మా నాయన పెంచిన ఖాజాను చూపించాను. సారు అన్నీ రాసుకున్నాడు. అల్లుణ్ణి చూపించినప్పుడు మాత్రం, "మరి బిడ్డ?" అని అడిగాడు. రాత్రంతా ఆలోచించి పెట్టుకున్న జవాబు గర్వంగా వదిలాను.

"తొలి కాన్పుకు పోయింది సార్. అత్తగారింటికి."

సారు కలం ఆగింది. గడ్డపార మనిషి నా వైపు చూశాడు. తలుపు వెనకాల అనసూయ నుదురు కొట్టుకున్న చప్పుడు నాకు వినిపించింది. తొలి కాన్పుకు ఆడపిల్ల తల్లిగారింటికి వస్తుంది కానీ, తల్లిగారింటి నుంచి అత్తగారింటికి పోవడం ఈ మూడు తాలూకాల్లో ఎక్కడైనా ఉందా? వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు పెద్దలు. నేను ఒక్క అబద్ధంతో లేని కూతురికి పెళ్ళి చేసి, కడుపు తెప్పించి, కాన్పుకు తప్పు ఇంటికి పంపాను.

సారు దగ్గి, "గిట్ల గూడ ఉంటదా?" అన్నాడు.

"మా అల్లునికి తల్లంటే పాణం సార్," అన్నాను. పెద్దమందడిలో ఉన్న ఆ తల్లికి తన కొడుకు పెళ్ళి సంగతే తెలియదు పాపం. శేఖర్ సారు చెవులు ఎర్రబడ్డాయి కానీ, నోట్‌బుక్కు ప్రకారం నోరు విప్పలేదు.

ఇక గోడల వంతు. మనిషి గడ్డపార మొనతో తట్టుకుంటూ పోతున్నాడు. వెనక గదిలో గోడ లోపలికి పొట్ట పెట్టి ఉంది. దాని ముందు నేను పొద్దున్నే పెద్ద దుప్పటి కట్టి, దుప్పటి మీద క్యాలెండరు తగిలించాను. దుప్పటికి క్యాలెండరు తగిలించే ఇల్లు ప్రపంచంలో ఇంకొకటి ఉండదని అప్పుడు తోచలేదు. సారు దుప్పటి పక్కకు జరిపాడు. గోడను చూశాడు, పైన దూలాన్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. మూడింటిలో ఏది ఎక్కువ బలహీనంగా కనిపించిందో తెలియదు.

"ఇంత మంది ఈ ఏడు గదులల్ల ఎట్ల సర్దుకుంటున్నరు?" అన్నాడు.

అదిగో, ఆ ప్రశ్నకు 'ఏదో అట్ల' అంటే సరిపోయేది. నా నోటికి సరిపోవడమనే మాట తెలియదు.

"ఏమున్నది సార్, రాజోలిల తుంగభద్ర ఒడ్డుకు మాకు ఇంకో ఇల్లుంది. పన్నెండు గదులు. గాలి ఎట్ల వస్తదంటే దీపం నిలువదు. పండుగకు పబ్బానికి అందరం ఆడనే ఉంటం."

దీపం నిలవదన్నది మాత్రం నిజం. ఎందుకంటే రాజోలిలో నాకున్నది మూడు గోడలు. నాలుగో గోడా, పైకప్పూ లేవు. అందులో మా దాయాది ఒకడు బర్రెను కట్టేసుకుంటున్నాడు.

సారు పుస్తకం మూసి సంచిలో చెయ్యి పెట్టాడు. చెయ్యి బయటికి వచ్చినప్పుడు అందులో తాళం ఉంది. కొబ్బరికాయంత తాళం. లేదు, మామూలు తాళమే. ఆ క్షణంలో అలా కనిపించింది.

"ఏంది సార్, మాది కిరాయి ఇల్లు కాదంటిని గద," అన్నాను.

"గందుకే," అన్నాడాయన నెమ్మదిగా. "కిరాయి ఇల్లయితే వేరే సంగతి. ఉన్నోళ్ళను ఒక్కపాలి ఎళ్ళగొడితే యాడికి పోతరు? ఓనరు బాగు చేయిస్తనని రాసిస్తే మూడు నెలలు గడువిస్తం. పక్క వీధిల తాళం పడ్డది, ఆ ఓనర్లు మేం రాసియ్యం పో అన్నందుకు. నీది సొంత కుటుంబం. పైగా రాజోలిల పన్నెండు గదులు. అందరు కలిసి ఆడికి పోండ్రి. సాయంత్రానికల్ల ఖాళీ చేయాలె."

మగ్గం చప్పుడు ఆగింది. నర్సింహులు గుంటలో కాళ్ళు అలాగే ఉంచి, రెండు చేతులూ చీర మీద పెట్టి నా వైపు చూస్తున్నాడు. నేనుండగా నీ మగ్గం ఆగదని చెప్పింది నేనే. ఆపింది కూడా నేనే.

ఇక దాచి లాభం లేదు. "సార్, అబద్ధం చెప్పిన. వీళ్ళు నా చుట్టాలు కాదు, కిరాయికున్నోళ్ళు. రాజోలిల ఉన్నది బర్రెల కొట్టం. నాకు బిడ్డే లేదు," అని గబగబా కక్కేశాను.

సారు నవ్వాడు. "తాళం చూడంగనే అందరు గిట్లనే అంటరు పెద్దాయనా."

నేను అల్లుడి వైపు తిరిగాను. "శేఖర్ సారూ, నువ్వు నాకేమైతవో నిజం చెప్పు."

శేఖర్ సారు ఒకసారి తన నోట్‌బుక్కు వైపు చూసుకున్నాడు. నేను చెప్పినా మార్చొద్దన్న వాక్యం కింద రెండు గీతలు కూడా గీసుకున్నాడట. "గట్లంటవేంది మామా? అల్లునివంటివి గద," అన్నాడు.

ఖాజా వైపు తిరిగాను. "నన్ను పెంచినోళ్ళ ఇల్లు భాయ్ ఇది. నేను జబాన్ ఇచ్చిన, మారను," అని గుండె మీద చెయ్యి పెట్టుకుని, నాకు మాత్రమే కనిపించేలా కన్ను కొట్టాడు. ఎంత బాగా చేస్తున్నానో చూడు అన్నట్టు.

ఆఖరి ఆశ నర్సింహులు. మగ్గం పోయేది అతనిది. అతనైనా చెబుతాడనుకున్నాను. కానీ అతను, తమ్ముడినన్న మాట మీదే మగ్గం నిలబడి ఉందని నమ్మాడు. నమ్మించింది నేనే కదా. చీర మీద నుంచి చేతులు తీయకుండానే అన్నాడు: "నేను బరువైతే బరువైనవని చెప్పన్నా. సొంత తమ్ముణ్ణి పట్టుకోని కిరాయోడంటవా?"

గడ్డపార మనిషికి కళ్ళు చెమర్చాయి. సారు నన్ను చూసిన చూపు ఇప్పటికీ నా వీపు మీద ఉంది. ఇల్లు కాపాడుకోవడానికి తోడబుట్టినవాణ్ణి, అల్లుణ్ణి, కడుపుతో ఉన్న కూతుర్ని కూడా లేదనగల కఠినాత్ముణ్ణి ఆయన అంతవరకూ చూసి ఉండడు. లక్క కరిగించడానికి అగ్గిపెట్టె అడిగాడు. ఎవరో ఇచ్చారు. ఇచ్చింది నేనే. చేతులు అలవాటు కొద్దీ ఇచ్చేశాయి.

సరిగ్గా అప్పుడు వాకిట్లో రిక్షా ఆగి ఖాలా దిగింది. డెబ్బై ఏళ్ళ మనిషి. నిన్నటి పాఠం వినలేదు. చేతిలో సంచి, నోట్లో పాను. తాళం పట్టుకున్న సారును చూసి ఎవరని అడిగింది. ఇండ్లు ఎలా ఉన్నాయో చూసే ఆఫీసరని గడ్డపార మనిషి చెప్పాడు. ఖాజా సైగలు చేస్తున్నాడు కానీ, ఆమె కొడుకు సైగలు చూడటం మానేసి చాలా ఏళ్ళయింది.

సారు వినయంగా, "అమ్మా, ఈ పెద్దాయన మీకేమైతడు?" అని అడిగాడు.

"గది తర్వాత చెప్త. మొదలు రాసుకో బేటా," అని ఖాలా అరుగు మీద కూర్చుంది. "వాన పడితే నా మంచం ఇల్లంత తిరుగుతది. ఆరు వానకాలాలు. నమాజుకు చాప పరుసుకోనీకి పొడి జాగ లేదు. అడిగితే ఈ ఎండకాలం మిద్దె మీద చౌడు మట్టి ఏయిస్త అంటడు. ఆరు ఎండకాలాలు గూడ పోయినయ్."

సారు కలం తీశాడు. పద్మమ్మ అప్పటిదాకా మగ్గం గది గుమ్మంలో కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. రాసుకునేవాళ్ళు ఎదురైతే ఎంతసేపని ఆగుతుంది? "మరుగుదొడ్డి తలుపుకు గొళ్ళెం లేదు సార్," అంది. "లోపలికి పోయినోళ్ళు బయటోళ్ళకు తెల్వనీకి పాట పాడాలె."

"పాట రానోళ్ళ సంగతేంది?" అన్నాడు శేఖర్ సారు. ఆ ఒక్క గాయం ముందు నోట్‌బుక్కు గెలవలేకపోయింది. "నేను రోజూ ఎక్కాలు చదువుతున్న. పదమూడో ఎక్కం గూడ వచ్చేసింది."

ఖాజా, "బావి గిరక ఇరిగి ఏడాదాయె," అన్నాడు. గోడకు మేకు కొట్టనివ్వనని ఒకరు, తొమ్మిదికల్లా వాకిట్లో బల్బు ఆర్పేస్తానని ఒకరు. నేను మధ్యలో నిలబడి తల ఇటూ అటూ తిప్పుతున్నాను. నా జీవితంలో నిందలు విని అంత ఆనందించిన రోజు లేదు. అనండి తల్లీ, ఇంకా అనండి అని లోపల్లోపల దండాలు పెట్టుకుంటున్నాను. చివరికి తలుపు వెనక నుంచి అనసూయ బయటికి వచ్చింది.

"వంటింట్ల పొగ పోనీకి కిటికీ పెట్టియ్యమని పెండ్లయినకాంచి అడుగుతున్న సార్. రాసుకోండి."

సారు తలెత్తి, "అమ్మా, మీరు గూడ కిరాయికేనా?" అన్నాడు.

ముందు నవ్వింది గడ్డపార మనిషి. తర్వాత సారు కూడా ఆపుకోలేకపోయాడు. కళ్ళు తుడుచుకుని అన్నాడు: "సొంతోళ్ళయితే ఈపాటికి కొట్టుకునెటోళ్ళు పెద్దాయనా. గిట్ల వరుసగ, ఓపికగ చెప్పిండ్రంటే కిరాయిదార్లే." తాళం సంచిలోకి పోయింది.

ఊపిరి తీసుకోవడం ఎంత హాయైన పనో నాకు ఆ రోజే తెలిసింది. సారు పధ్నాలుగు అంశాలు రాశాడు. మూడు నెలల్లో అన్నీ బాగు చేయిస్తానని సంతకం పెట్టాను. వెనక గోడకు ఆ పూటే ఊతకర్రలు పెట్టాలని, శేఖర్ సారు ఆ గదిలో పడుకోవద్దని గట్టిగా చెప్పాడు. నేను సంతకం కింద పూర్తి పేరు రాయడం ముగించేలోపే ముందు గదిలో మగ్గం ఆడటం మొదలైంది. టకటక, టకటక. నర్సింహులు ఎవరికీ ఏమీ చెప్పకుండా పోయి కూర్చున్నాడు. పదకొండో రోజు చీర దించి, సేటు దగ్గరికి తీసుకుపోయే ముందు మా గడపలో మడత విప్పి అనసూయకు చూపించాడు.

ఇక్కడ ఒక మాట నవ్వకుండా చెప్పాలి. వెనక గోడను విప్పడానికి వచ్చిన మేస్త్రీ గడ్డపారతో మూడు దెబ్బలు వేశాడు. నాలుగో దెబ్బ అవసరం లేకుండానే అది కూర్చుండిపోయింది. శేఖర్ సారు మంచం ఆ పక్కనే ఉండేది. నేను దుప్పటి కట్టి దాచింది ఆ గోడను. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

మూడు నెలలకు సారు మళ్ళీ వచ్చాడు. మిద్దె మీద కొత్త చౌడు, కొత్త గోడ, గిరక, గొళ్ళెం, వంటింటికి కిటికీ. అన్నిటికీ టిక్కులు పెట్టుకుంటూ పోయాడు. పధ్నాలుగుకు పధ్నాలుగు. "బాగ చేయించినవ్ పెద్దాయనా," అని పుస్తకం మూశాడు. అనసూయ చాయ్ గ్లాసుతో వస్తోంది. అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి. అక్కడితో ఆగినవాడు బుద్ధిమంతుడు. నాకేమో అప్పటికి నిజం రుచి తగిలింది. నిజాయితీ నిషాలాగా నెత్తికెక్కింది.

"సార్," అన్నాను ఛాతీ విరుచుకుని, "మెట్ల కింద ఒక పగులుంది. మొన్న మీరు చూడలే."

సారు మళ్ళీ కూర్చున్నాడు. పుస్తకం మళ్ళీ తెరుచుకుంది. మెట్ల కింద పగులుతో మొదలై, మెట్లన్నీ విప్పి కట్టేదాకా పోయింది. రెండు నెలలపాటు మేమంతా నిచ్చెన వేసుకుని మిద్దె ఎక్కాం. అనసూయ నిచ్చెన ప్రతి మెట్టు మీదా ఆగి నన్ను తలచుకుంది.

కాబట్టి చదువరులారా, ఇంటి గోడ మీద కుడి చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఆ గోడ ఇప్పుడు గట్టిదే. అధికారి పుస్తకం తెరిచినప్పుడు అబద్ధం చెప్పను. మూసినప్పుడు నిజం చెప్పను.